స్ప్రింగ్ బ్రేక్‌లో క్రూయిజ్: గాల్వెస్టన్ నుంచి వెళ్ళినవారు చెప్పండి

ఫ్రిస్కో_కోడలు
అందరికీ నమస్కారం. మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మార్చి నడుమ పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్ అని వారం రోజులు సెలవులు. గుంటూరు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు ఫిబ్రవరిలో వస్తున్నారు. అందరం కలిసి టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ రేవులో ఏడు రాత్రుల విహార ఓడ ఎక్కాలని మావారి పట్టుదల. పాపకు నాలుగేళ్ళు, బాబుకు తొమ్మిది. నా సందేహాలు ఇవి. ఆ వారంలో కాలేజీ కుర్రకారు తాగి గోల చేస్తారని ఆఫీసులో భయపెడుతున్నారు, నిజమేనా? అదే ఓడ, అదే కేబిన్, ఫిబ్రవరి ధరకూ మార్చి ధరకూ పొంతనే లేదు, ఎందుకు? అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు, సముద్రమంటే ఆవిడకు సూర్యలంకలో కాళ్ళు తడుపుకోవడమే. ఆవిడకు అక్కడ జరుగుబాటవుతుందా?

కాటీ_శ్రీవారు
ముందు కుర్రకారు సంగతి. స్ప్రింగ్ బ్రేక్ అనగానే అందరికీ టీవీలో చూపించే మయామీ బీచ్ కళ్ళ ముందు మెదులుతుంది. ఓడలో అంత సాగదు, వయసు నిబంధనలు అడ్డం వస్తాయి. కార్నివాల్ కంపెనీ ఓడల్లో 21 నిండనివారి వెంట 25 నిండిన బంధువో సంరక్షకుడో ఉండి తీరాలి. రాయల్ కరీబియన్ కంపెనీలో అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడలకు కేబిన్‌లో కనీసం ఒకరికి 21 నిండి ఉండాలి. మద్యం కూడా 21 నిండినవారికే పోస్తారు. కాబట్టి కాలేజీ పిల్లల్లో చాలామంది ఆ గేటు దగ్గరే ఆగిపోతారు. మిగిలినవారు చౌకగా దొరికే మూడు, నాలుగు రాత్రుల ఓడలు చూసుకుంటారు. అవి ఫ్లోరిడాలో మయామీ, పోర్ట్ కెనావరల్ రేవుల వైపు ఎక్కువ.

గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రులంటే దాదాపు అంతా మీలాంటి సంసారులే. గోల ఉంటుంది కాని, అది పదేళ్ళ పిల్లల గోల. కొలనులో నీళ్ళు కనిపించవు, తలలే. ఉదయం ఏడింటికే కుర్చీల మీద తువ్వాళ్ళు, ఒక జత చెప్పులు, తెరవని పుస్తకం ఒకటి. మనుషులు మాత్రం పదకొండుకు వస్తారు. కొన్ని ఓడల్లో సిబ్బంది ఆ కుర్చీకి సమయం రాసిన చీటీ అంటించి, నలభై నిమిషాలు గడిచినా ఎవరూ రాకపోతే సామాను తీసేస్తారు. అడిగితేనే చేస్తారు, మొహమాటపడకుండా అడగండి.

అట్లాంటా_అక్క
ధర సంగతి నేను చెబుతాను. ఓడ నిండింది అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. కేబిన్‌కు ఇద్దరి చొప్పున లెక్కవేసేది ఒకటి, మూడో పడకా నాలుగో పడకా కూడా వాల్చేసి లెక్కవేసేది మరొకటి. మయామీ నుంచి 2024 జనవరిలో మొదలైన రాయల్ కరీబియన్ వారి ఐకాన్ ఆఫ్ ది సీస్ ఓడనే చూడు. ఇద్దరి లెక్కన 5,610 మంది, పూర్తిగా నింపితే 7,600 మంది. నడుమ ఉన్న ఆ రెండు వేల మంది ఎవరనుకున్నావు? పిల్లలే. ఫిబ్రవరి మామూలు వారంలో రిటైరైన దంపతులు నింపే కేబిన్లను స్ప్రింగ్ బ్రేక్‌లో నలుగురేసి నింపుతారు. లిఫ్టులు అవే, బఫే అదే, కొలను అదే.

అందుకే నలుగురు పట్టే కేబిన్లు అన్నిటికన్నా ముందు అయిపోతాయి. ఇంకో తిరకాసు ఉంది. కేబిన్లు ఖాళీగా కనిపిస్తున్నా మూడో మనిషిని చేర్చబోతే కుదరదంటుంది. అది వెబ్‌సైటు లోపం కాదు. ప్రాణరక్షణ పడవల్లో ఆ భాగానికి కేటాయించిన స్థానాలు నిండితే ఇక మనుషులను చేర్చరు. మీరు ఆరుగురు, నడుమ తలుపున్న రెండు కేబిన్లు పక్కపక్కన తీసుకోండి. చౌకగా వస్తుందని కేబిన్ నంబరు తరువాత ఇచ్చే రకం మాత్రం వద్దు. అత్తగారు ముందు కొసనా నువ్వు వెనక కొసనా పడితే ఏడు రోజులూ నడకే.

ఏ వారం అన్నది కూడా చూసుకో. టెక్సాస్‌లో బడులకూ పెద్ద విశ్వవిద్యాలయాలకూ ఎక్కువగా మార్చి నడుమనే సెలవులు, అంతా ఒక్కసారే గాల్వెస్టన్ మీద పడతారు. ఈశాన్య రాష్ట్రాల్లో చాలా బడులకు ఈస్టర్ చుట్టుపక్కల. ఫ్లోరిడా రేవుల్లో ఆ రద్దీ ఏప్రిల్ దాకా సాగుతుంది.

ఉప్పుగాలి
నా మాట ఎవరికీ నచ్చదు, అయినా చెబుతాను. ఈ వారం వెళ్ళకండి. డబ్బు ఎక్కువ పోసి, వరుసలో నిలబడి, పిల్లల క్లబ్బులో చోటు లేదనిపించుకుని రావడానికి ఓడ ఎందుకు? థ్యాంక్స్‌గివింగ్‌కూ క్రిస్మస్‌కూ నడుమ రెండు వారాలు ఓడలు బోసిగా ఉంటాయి. బడి మానిపించినా కొంప మునిగిపోదు.

అట్లాంటా_అక్క
ఉప్పుగాలి గారూ, డిసెంబరులో అత్తమామలు గుంటూరులో ఉంటారు కదండీ. ఆవిడ అడిగింది ఈ వారం గురించి.

ఉప్పుగాలి
ఒప్పుకుంటాను. కాని ధర చూసి గుండె పట్టుకున్నప్పుడు నన్ను తలచుకోండి. కనిపించే ధర మీద టిప్పులు వేరు. తలకు రోజుకు 16 నుంచి 20 డాలర్లు, నాలుగేళ్ళ పాపకు కూడా. ఆరుగురికి ఏడు రాత్రులు గుణించుకోండి, 670 నుంచి 840 డాలర్ల నడుమ తేలుతుంది. ఇంటర్నెట్ వేరు. మద్యం ప్యాకేజీ ఒకరు కొంటే ఆ కేబిన్‌లో పెద్దలంతా కొనాలంటారు. మామగారికి అలవాటు లేకపోతే కేబిన్ల పంపకం ఆ లెక్కన చూసుకోండి.

ఫ్రిస్కో_కోడలు
మామయ్యగారు టీ తప్ప ముట్టరు, ఆ బెంగ లేదు. ఉప్పుగాలి గారూ, మీ లెక్క మావారికి చూపించాను, కాసేపు మాట్లాడలేదు. సరే, కేబిన్లు రెండు చూస్తున్నాం. పిల్లలు ఇక్కడే పుట్టారు, వాళ్ళకు అమెరికా పాస్‌పోర్టులున్నాయి. మేమిద్దరం హెచ్-1బి ఉద్యోగ వీసా, దాని మీద ఆధారపడే హెచ్-4 వీసాల మీద ఉన్నాం. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు నిరుడు ముగిసింది, ఇమిగ్రేషన్ వాళ్ళ ఆమోద పత్రం, కొత్త ఐ-797, ఉంది. ఓడ ఎక్కిన ఊరికే తిరిగొస్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదు కదా?

ఎడిసన్_వాసి
ఆగండి. డబ్బు కట్టకముందే ఇది చదవండి. నేను న్యాయవాదిని కాను, చివరి మాట మీ న్యాయవాదిదే.

ఎక్కిన రేవుకే తిరిగొచ్చినా మీరు దేశం దాటినట్టే. దాటకుండా ఉండే దారి కూడా దాదాపు లేదు. ఈ పెద్ద ఓడల్లో ఎక్కువ భాగం బహామాస్, పనామా వంటి దేశాల జెండా మీద తిరుగుతాయి. విదేశీ జెండా ఓడ అమెరికా రేవుల నడుమనే ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి చట్టం. అందుకే ఎంత చిన్న క్రూయిజ్ అయినా ఒక్క విదేశీ రేవు తగులుతుంది. అక్కడి నుంచి తిరిగొచ్చాక మళ్ళీ ఇమిగ్రేషన్ అధికారి ముందు నిలబడాలి.

గడువు తీరిన స్టాంపుతో తిరిగిరావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. దానికి హద్దులున్నాయి. ముప్పై రోజుల లోపు ప్రయాణం, చెల్లుబాటులో ఉన్న ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే రికార్డు) ఉండాలి, ఆ ప్రయాణంలో కొత్త వీసాకు దరఖాస్తు చేసి ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, హెచ్ వీసాల వారికి అది మెక్సికో, కెనడాలకే వర్తిస్తుంది. ఎఫ్, జె వీసాల విద్యార్థులకైతే క్యూబా మినహా పక్కనున్న కరీబియన్ దీవులకు కూడా వర్తిస్తుంది. మన కుర్రాళ్ళు కొందరు బహామాస్ వెళ్ళి హాయిగా వచ్చారని విని, అదే మనకూ చెల్లుతుందనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది.

ఇప్పుడు మీ ఓడ దారి చూడండి. గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రులంటే సాధారణంగా కోజుమెల్, కోస్టా మాయా, రొఆటాన్. మొదటి రెండూ మెక్సికో. రొఆటాన్ హోండురాస్‌ది. ఆ ఒక్క రేవు ఉంటే మీకు ఆ వెసులుబాటు పోయినట్టే. కంపెనీల సొంత దీవులని ప్రకటనల్లో ఊరించేవి కూడా ఎక్కువగా బహామాస్‌లోనివే, అవీ కుదరవు.

కేవలం మెక్సికో రేవులే ఉన్న ఓడ దొరికినా రెండు చిక్కులు మిగులుతాయి. గాలి బాగా లేకపోతే కెప్టెన్ దారి మార్చి వేరే దేశం రేవుకు తీసుకెళ్ళవచ్చు, టికెట్ ఒప్పందంలోనే ఆ హక్కు రాసుకుంటారు. రెండోది, రేవులో కాగితాలు చూసే ఉద్యోగికి ఈ నిబంధన తెలియకపోతే సామానుతో సహా వెనక్కి పంపిస్తారు, డబ్బు తిరిగిరాదు. కాబట్టి కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన మాట గేటు దగ్గర పనికిరాదు.

కాటీ_శ్రీవారు
ఎడిసన్_వాసి గారు చెప్పినదానికి చిన్న చేర్పు. నాలుగు, ఐదు రాత్రుల ఓడల్లో కోజుమెల్, ప్రోగ్రెసో వంటి మెక్సికో రేవులే ఉండేవి గాల్వెస్టన్ నుంచి దొరుకుతాయి. మీ పరిస్థితికి ఏడు రాత్రుల మోజు వదులుకోవడమే మేలేమో. కాకపోతే తక్కువ రాత్రుల ఓడలో ఆ వారం కుర్రకారు కాస్త ఎక్కువ కనిపిస్తారు.

నిర్వాహకులు
సభ్యులకు మనవి. పాస్‌పోర్టు, ఐ-94, బుకింగ్ కాగితాల ఫొటోలు ఇక్కడ పెట్టవద్దు. ఇందాక ఒకరు పెట్టినది తొలగించాం.

టాంపా_తాతయ్య
అమ్మాయీ, మీ అత్తమామల సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళది విజిటర్ వీసా కదా. మల్టిపుల్ ఎంట్రీ అని స్టాంపు మీద ఉందో లేదో చూడు. మనవాళ్ళకు ఎక్కువగా పదేళ్ళ మల్టిపులే ఇస్తారు గాని చూసుకోవడంలో తప్పులేదు. ఓడ దిగి తిరిగొస్తే ఆరు నెలల గడువు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందని కొందరు చెబుతారు, నమ్మకు. అలాంటి చిన్న ప్రయాణానికి మామూలుగా పాత తేదీయే కొనసాగుతుంది. ఆగే ప్రతి దేశానికి భారతీయ పాస్‌పోర్టు మీద వీసా కావాలా అన్నది కూడా కంపెనీనే అడగాలి, దేశానికో పద్ధతి.

ఆరోగ్యం మాటకొస్తే, ఓడలో వైద్యుడు ఉంటాడు, ఫీజు గట్టిగా ఉంటుంది, అక్కడికక్కడే కేబిన్ ఖాతాలో రాస్తారు. విజిటర్ల ఇన్సూరెన్సు చాలావరకు అమెరికా నేల మీదకే, నీళ్ళ మీద చెల్లుతుందో లేదో పాలసీ తీసి చదవాలి. నడిసముద్రంలో హెలికాప్టర్ పిలవాల్సి వస్తే ఆ ఖర్చు మన ఊహకు అందదు. విడిగా ప్రయాణ బీమా తీసుకోండి. బీపీ, షుగరు మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలు పోర్టర్లకు ఇచ్చాక కేబిన్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఒక్కోసారి రాత్రి అవుతుంది. పిల్లల ఈత బట్టలు కూడా చేతి సంచిలోనే పెట్టు.

కేబిన్ కింది అంతస్తుల్లో, ఓడ నడుమ భాగంలో తీసుకో, ఊపు తక్కువ తెలుస్తుంది. మార్చిలో ఉత్తరాది చలిగాలులు మెక్సికో గల్ఫ్ సముద్రం మీదికి దిగితే మొదటి రాత్రే ఓడ ఊగడం మొదలవుతుంది. మీ అత్తగారికి అల్లం మురబ్బా, ఆకుపచ్చని ఆపిల్ ముక్క ఇవ్వండి, ఓడవాళ్ళు కూడా అవే ఇస్తారు. ఓడ ఊపుకు వచ్చే వికారానికి వాడే మెక్లిజిన్ మాత్రతో మగతగా ఉంటుంది, పెద్దవాళ్ళకు వైద్యుణ్ణి అడిగే ఇవ్వాలి.

గ్రాండ్ కేమన్ లాంటి చోట ఓడ దూరాన లంగరు వేసి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఆ అడుగు వేయడం కష్టం. కోజుమెల్‌లో ఆ బాధ లేదు, నేరుగా వంతెన మీదికి దిగడమే.

మిరపకాయబజ్జీ
ఇక తిండి. ఇన్ని పోస్టులయ్యాయి, అన్నం మాట ఇప్పటికి వచ్చింది!

రైస్ కుక్కర్ పట్టుకెళ్ళవద్దు. ఎక్స్‌రేలో దొరుకుతుంది, తీసి పక్కన పెడతారు, దిగే రోజున వరుసలో నిలబడి తెచ్చుకోవాలి. ఆ బల్ల మీద చూడాలి, ఇస్త్రీపెట్టెలు, ఎలక్ట్రిక్ కెటిళ్ళు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న పొడుగు బోర్డులు, వాటి నడుమ ఎవరిదో రెండు గిన్నెల కుక్కర్, మూతకు ఇంటిపేరు రాసిన ప్లాస్టర్‌తో. వేడెక్కే వస్తువు ఏదైనా నిప్పు భయంతో రానివ్వరు. ఇంట్లో వండినవీ రానివ్వరు. కొట్లో కొన్న, సీలు తీయని పచ్చడి సీసా, కారప్పొడి, మరమరాల ప్యాకెట్లు సాధారణంగా పోనిస్తారు. పులిహోర చేసి డబ్బాలో కట్టారంటే మాత్రం గేటు దగ్గరే తినాలి.

మొదటి రాత్రి భోజనశాలకు తప్పకుండా వెళ్ళండి. హెడ్ వెయిటరును పిలిచి భారతీయ శాకాహారం, గుడ్డు వద్దు అని చెప్పండి. మర్నాటి నుంచి పప్పు, ఒక కూర, అన్నం, రొట్టె ప్రత్యేకంగా చేసి పెడతారు. సిబ్బందిలో మనదేశం వాళ్ళు చాలామంది ఉంటారు, వంటింట్లోనూ ఉంటారు. మీ అత్తగారు ఒకసారి నవ్వి పలకరిస్తే చాలు, కారం దానంతట అదే పెరుగుతుంది. బఫేలో మాత్రం ఏది దేనితో చేశారో అడగనిదే వడ్డించుకోకండి, సూపుల్లో మాంసం రసం ఉంటుంది.

మొదటి రోజు మధ్యాహ్నం బఫే అంటే పెళ్ళిలో రెండో బంతి కోసం కుర్చీల వెనక నిలబడటమే. చాలా ఓడల్లో అదే సమయానికి కింద ఇంకో భోజనశాల తెరిచి ఉంటుంది, ఎవరికీ తెలియదు. ఎక్కగానే ఓడ కంపెనీ యాప్‌లో చూసుకోండి. యాప్ ఇంటి దగ్గరే దించుకోవాలి, ఓడ ఎక్కాక ఇంటర్నెట్‌తో కుస్తీ పట్టే పనిలేకుండా.

రేవులో దిగేటప్పుడు బఫేలోని అరటిపండు సంచిలో వేసుకోవద్దు. పళ్ళు, వండిన తిండి ఒడ్డుకు తీసుకెళ్ళనివ్వరు, జరిమానా వేస్తారు. పిల్లలకు సీలు తీయని బిస్కెట్లు చాలు.

అట్లాంటా_అక్క
పాప విషయం. మూడేళ్ళు నిండి, సొంతంగా బాత్రూముకు వెళ్ళగలిగితే పిల్లల క్లబ్బులో చేర్చుకుంటారు, కొన్ని కంపెనీలు రెండేళ్ళకే తీసుకుంటాయి. ఆ వారం క్లబ్బు కిటకిటలాడుతుంది. ఎక్కిన మధ్యాహ్నమే పేరు రాయించేయండి. డైపర్ పిల్లలను, ఈత డైపరైనా సరే, కొలనులోకి రానివ్వరు. కొలను దగ్గర కాపలా ఈతగాళ్ళు అన్ని కంపెనీల ఓడల్లోనూ ఉండరు. రాయల్ కరీబియన్, డిస్నీల్లో ఉంటారు. ఉన్నా సరే, రద్దీలో నాలుగేళ్ళ పిల్ల మీద నుంచి చూపు తీయకూడదు.

చేతులు సబ్బుతో కడిగించండి. నోరోవైరస్ చలికాలం నుంచి ఏప్రిల్ దాకా ఎక్కువ, దానికి శానిటైజర్ సరిగా పనిచేయదు. బఫే గుమ్మంలో కుళాయిలుంటే వాటిని అలంకారం అనుకోకండి.

ఉప్పుగాలి
భద్రతా విన్యాసం ఎగ్గొట్టకండి. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా మునిగి 32 మంది పోయాక, ఓడ బయలుదేరకముందే అది పూర్తి చేయాలని కట్టుదిట్టం చేశారు. ఇప్పుడు ఫోనులో వీడియో చూసి, మీకు కేటాయించిన చోటికి వెళ్ళి కార్డు గీకిస్తే సరి. కదలకుండా కూర్చుని వినే పాత పద్ధతి చాలా ఓడల్లో పోయింది. ఆరుగురూ వెళ్ళాలి. రాకపోతే స్పీకరులో పిలుస్తూనే ఉంటారు.

ఫ్రిస్కో_కోడలు
ఎడిసన్_వాసి గారికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మా న్యాయవాది కూడా రొఆటాన్ ఉన్న ఓడ వద్దన్నారు. ఐదు రాత్రులు, కోజుమెల్, ప్రోగ్రెసో మాత్రమే ఉన్న ఓడ చూస్తున్నాం, కంపెనీకి ఈమెయిల్ పంపాను, జవాబు రాకుండా డబ్బు కట్టం. ఇంకొకటి. కోజుమెల్‌లో ఓడ వదిలి వెళ్ళిపోతుందని వీడియోల్లో పరుగులు తీస్తుంటారు. గడియారం ఏది చూసుకోవాలి?

ఎడిసన్_వాసి
ఓడ సమయం. ఇది మార్చిలో ప్రత్యేకంగా తికమక పెడుతుంది. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. కోజుమెల్ ఉన్న కింటానా రో రాష్ట్రంలో ఏడాది పొడుగునా ఒకటే సమయం. ఆ ఆదివారానికి ముందు కోజుమెల్ గాల్వెస్టన్ కన్నా గంట ముందుంటుంది, తరువాత రెండూ ఒకటే. ప్రోగ్రెసో ఉన్నది యుకాటాన్ రాష్ట్రంలో, అది కోజుమెల్ కన్నా గంట వెనక. ఫోను అక్కడి టవరు పట్టుకుని తనంతట తానే మారిపోతుంది. ఓడ సమయం పెట్టిన చేతి గడియారం ఒకటి మామగారికి ఇచ్చి, ఆయన్ని అడగండి. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి, నడిసముద్రంలో రోమింగ్ బిల్లు వాచిపోతుంది.

కంపెనీ ద్వారా తీసుకున్న విహారం ఆలస్యమైతే ఓడ వేచి చూస్తుంది, లేదా తరువాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్ళు తీసుకుంటారు. సొంతంగా టాక్సీ మాట్లాడుకుంటే ఆ పూచీ మీదే. మీ స్టాంపు పరిస్థితికి మొదటిదే క్షేమం.

కాటీ_శ్రీవారు
బయలుదేరే రోజు గురించి కూడా చెప్పాలి. ఫ్రిస్కో నుంచి గాల్వెస్టన్‌కు కారులో ఐదారు గంటలు, హ్యూస్టన్ ట్రాఫిక్ వేరు. ముందురోజే వచ్చి గాల్వెస్టన్ చుట్టుపక్కల పడుకోండి. రేవు పార్కింగ్ ముందే బుక్ చేసుకోండి, ఆ వారం చివరి నిమిషంలో దొరకదు. చెక్-ఇన్ సమయం యాప్‌లో తెరవగానే తొందరగా ఎంచుకోండి, మధ్యాహ్నం రెండు తరువాతివే మిగులుతాయి.

తిరిగొచ్చే రోజు పొగమంచు. చలికాలం నుంచి మార్చి దాకా గాల్వెస్టన్ కాలువను దాని వల్ల మూసేయడం ఇక్కడ కొత్తేమీ కాదు. ఓడ ఒడ్డుకు కనిపించేంత దూరంలో గంటల తరబడి నిలబడిపోతుంది. ఆ రోజు మధ్యాహ్నానికి ఆఫీసు సమావేశాలు పెట్టుకోకండి, పిల్లల క్లాసులూ పెట్టకండి. దిగాక ఇమిగ్రేషన్ వరుసలో అమెరికా పాస్‌పోర్టుల వాళ్ళు చకచకా వెళ్ళిపోతారు, మీరు నలుగురు ఆగాల్సి వస్తుంది. పిల్లలను వేరే వరుసలోకి పంపకుండా అందరూ ఒకే చోట నిలబడండి. ఐ-797, ఐ-94 ప్రింట్లు, న్యాయవాది ఇచ్చిన ఉత్తరం, పాస్‌పోర్టులు ఒకే కవరులో, చేతిలో ఉండాలి. పెట్టెల్లో పెట్టి రాత్రి గుమ్మం బయట పెట్టేశారంటే, ఉదయం అవి మీకన్నా ముందు ఒడ్డుకు చేరుకుంటాయి.

ఫ్రిస్కో_కోడలు
కవరు కొన్నాను. కంపెనీ జవాబు ఇంకా రాలేదు. వచ్చాక ఏమన్నారో ఇక్కడే రాస్తాను, నాలాంటి స్టాంపుతో ఉన్నవారు ఇంకా ఎవరైనా ఎదురుచూస్తుంటే.